ఎవరిని బట్టి?

ధర్మవరం జంక్షనులో మీ రైలు ఆగి ఉందనుకోండి. కిటికీ పక్కన చోటు దొరికిన అదృష్టవంతులు మీరు. పక్క పట్టాల మీద ఇంకో రైలు అడ్డుగా నిలబడి ఉంది. ఎంతకూ కదలని మీ బండి ఉన్నట్టుండి, చప్పుడు లేకుండా, మెత్తగా బయలుదేరుతుంది. హమ్మయ్య అని కాళ్లు చాపుకుంటారు. ఇంతలో పక్క రైలు చివరి పెట్టె దాటిపోతుంది. దాని వెనక ప్లాట్‌ఫారమూ, కుళాయీ, కుళాయి దగ్గర సీసా పట్టుకు నిలబడ్డ మనిషీ ఎక్కడివాళ్లక్కడే కనిపిస్తారు. పోయింది వాళ్ల బండి. మీరు ఇంకా ధర్మవరంలోనే ఉన్నారు.

ఇది కంటి మోసమే, కానీ పనికిరాని మోసం కాదు. క్రీ.శ. 499 ప్రాంతంలో ఆర్యభటుడు దీన్ని పట్టుకుని ఆకాశాన్నే తలకిందులు చేశాడు. పడవలో ముందుకు సాగేవాడికి ఒడ్డునున్నవి వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి. అలాగే కదలని నక్షత్రాలు మనకు పడమటికి పోతున్నట్టు కనిపిస్తున్నాయి అన్నాడాయన. అంటే తిరుగుతున్నది భూమి. ఈ మాట ఆనాటి పెద్దలకు మింగుడు పడలేదు. భూమే తిరుగుతూంటే ఆకాశంలోకి ఎగిరిన పక్షి మళ్లీ తన గూటికి ఎలా చేరుతుందని వరాహమిహిరుడు అడిగాడు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడూ ఒప్పుకోలేదు. ఆర్యభటుడి మీద భక్తి ఉన్న వ్యాఖ్యాతలు సైతం ఆ శ్లోకానికి వేరే అర్థాలు లాగారు. వాళ్ల చేతిలో భూమి తిరగలేదు గాని, అర్థం మాత్రం బాగానే తిరిగింది. వ్యాఖ్యానాలు చదివి పొట్ట పోసుకునే వృత్తి నాది, కాబట్టి ఈ మాట అనే హక్కు నాకు కొంచెం ఉంది.

తెలుగు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకంటారా? తరగతిలో ఈ పడవ ఉపమానం చెబుతూ, వేగం అనేది సాపేక్షం, ‘ఎవరిని బట్టి?’ అని అడక్కుండా వేగం చెప్పరాదు అన్నాను. ఒక అమ్మాయి లేచింది.

“మరి త్వరణం సార్? అది కూడా ఎవరినో ఒకరిని బట్టేనా?”

“అది ఫిజిక్సు సారును అడగాలమ్మా” అన్నాను.

“అడిగినా సార్. సాపేక్షమంటే ఏందో ముందు మీ తెలుగు సారును అడిగి రాపో అన్నారు.”

సరే, నా వంతు నేను చెప్పాలి. అపేక్ష అంటే ఇంకొకటి కావలసి ఉండటం. మరొకటి తోడు వస్తేగాని అర్థం పూర్తికానిది సాపేక్షం. ‘అల్లుడు’ అన్నారనుకోండి, ఎవరి అల్లుడు అనే ప్రశ్న వెంటనే వస్తుంది. ఒకే మనిషి ఒక ఇంట అల్లుడు, ఇంకో ఇంట కొడుకు. ఎవరికీ ఏమీ కాని వట్టి అల్లుడు లోకంలో లేడు. అదే ‘మనిషి’ అంటే ఆ మాట తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. ఎవరి మనిషి అని అడిగేది రాజకీయాల్లోనే.

వేగం అల్లుడి వంటిది. బస్సులో కూర్చున్న మీకు మీ పక్క సీటాయన వేగం సున్న. రోడ్డు పక్కన నిలబడ్డవాడికి ఆయన వేగం గంటకు 60 కిలోమీటర్లు. సూర్యుడి మీద నుంచి చూస్తే భూమితో కలిసి సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు. మూడూ నిజమే. వీటిలో ‘అసలు వేగం’ ఏదని అడిగితే ప్రకృతి నవ్వి ఊరుకుంటుంది. తలుపులు మూసిన ఓడ గదిలో ఉన్నవాడు, ఓడ నిలకడగా పోతున్నంతసేపూ, అది పోతున్నదో ఆగి ఉన్నదో లోపల ఏ పరీక్ష చేసీ తెలుసుకోలేడని 1632లో గెలీలియో తేల్చి చెప్పాడు.

ఇక త్వరణం. వేగం ఎంత త్వరగా మారుతోందో చెప్పే లెక్క అది. వేగం పెరిగినా త్వరణమే, తగ్గినా త్వరణమే, ఉన్న వేగంతోనే దారి మళ్లినా త్వరణమే. ఇప్పుడు ఆ అమ్మాయి తర్కం చూడండి: వేగమే ఇంకొకరిని బట్టి ఉండేటప్పుడు వేగంలో వచ్చే మార్పు మాత్రం ఇంకొకరిని బట్టి ఉండదా? అల్లుడే ఎవరికో ఒకరికి అల్లుడైనప్పుడు అల్లుడి అలక ఎవరి మీదా కాకుండా ఉంటుందా? (అలక నేను కలిపింది.) తర్కం వినడానికి గట్టిగానే ఉంది. కానీ పొరపాటు. ఎక్కడ పొరపాటో చూపించడానికి ఆ అమ్మాయి రోజూ ఎక్కి వచ్చే బస్సు చాలు.

పెనుకొండ వైపు నుంచి సోమందేపల్లికి బస్సు వస్తోంది. గంటకు 60 కిలోమీటర్లు. ముందర రోడ్డు పక్కన చింతచెట్టు, చెట్టు కింద గంపలో శెనక్కాయలు పోసుకుని ఒక అవ్వ. బస్సులో నిలబడ్డవాళ్ల లెక్కలో తాము కదలడం లేదు. చెట్టూ, అవ్వా, గంపా గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తమ మీదికి వస్తున్నాయి. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. ఇంతలో గొర్రెలమంద అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. నిలబడ్డవాళ్లంతా ఒకరి మీద ఒకరు ముందుకు తూలారు. సీటు కింద పెట్టిన టిఫిను డబ్బా డ్రైవరు దాకా దొర్లుకుంటూ పోయింది. “ఏమప్పా, మనుషులనుకున్నావా, మూటలనుకున్నావా?” అని వెనకనుంచి ఒక కేక.

బస్సు లెక్కలో ఏం జరిగింది? తమ మీదికి 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న అవ్వ నాలుగు సెకన్లలో ఆగిపోయింది. రోడ్డు లెక్కలో ఏం జరిగింది? బస్సు నాలుగు సెకన్లలో ఆగిపోయింది. అంకెలు అవే. కాగితం మీద ఎవరిని ఎవరితో పోల్చినా త్వరణం ఒకటే. మరి అవ్వ గంపలో ఒక్క కాయ కూడా పొర్లలేదేం? బస్సులో పదిమంది తూలితే చెట్టు కింద ఒక్క అవ్వ కూడా తూలలేదేం?

కాగితం మీద సమానంగా కనిపించేవి లోకంలో సమానం కాలేదు. వేగం విషయంలో ప్రకృతి ఇలాంటి తేడా ఎప్పుడూ చూపదు. త్వరణం దగ్గర చూపుతుంది. ఎవరి మీద కుదుపు పడిందో వాడికి కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. చింతచెట్టును చూడనక్కరలేదు, రోడ్డు ఉందో లేదో తెలియనక్కరలేదు.

ఇది తర్కశాస్త్రపు వినోదంగా మిగిలిపోతే బాగుండేది. 2012 మే 22న తెల్లవారక ముందే హుబ్లీ నుంచి బెంగుళూరు పోతున్న హంపీ ఎక్స్‌ప్రెస్ పెనుకొండ దగ్గర ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొంది. పాతికమంది దాకా పోయారు. ఆ వేళకు బండిలో అందరూ నిద్రలో ఉన్నారు. ఎంత వేగంతో పోతున్నారో వాళ్ల ఒంటికి తెలియదు. పక్క మీద ఒత్తిగిలినవాడికి రైలు ఆగి ఉన్నా ఒకటే, పరుగెత్తుతున్నా ఒకటే. వేగం ఎవరినీ చంపదు. గంటకు 72 కిలోమీటర్లు, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో పోయే బండి ఏదైనా పది సెకన్లలో ఆగితే లోపలివాడి మీద పడేది అతని బరువులో అయిదోవంతు నెట్టుడు. సీటు పట్టుకుంటే సరిపోతుంది. అదే బండి సెకనులో పదోవంతులో ఆగిందా, బరువుకు ఇరవై రెట్లు. రెండింటిలోనూ పోగొట్టుకున్న వేగం ఒక్కటే. మొదటిదానిలో టిఫిను డబ్బా దొర్లుతుంది, రెండోదానిలో ఎముకలు నిలవవు. ఇలాంటి దాన్ని పట్టుకుని ‘చూసేవాడిని బట్టి’ అనడానికి నోరు రాదు.

సరే, త్వరణం తనంతట తానే తెలుస్తుందన్నాం. తెలియజేసేది ఏది? దీనికి జవాబు మన ఆడపిల్లల ఆటలో ఉంది. ఒప్పులకుప్ప మీరు చూశారు, ఆడినవాళ్లు కూడా ఉంటారు. ఇద్దరు పిల్లలు చేతులు అడ్డంగా పెనవేసి పట్టుకుని, పాదాలు దగ్గర చేర్చి, వెనక్కి వాలి గిరగిర తిరుగుతారు. జడలు బయటికి లేస్తాయి. చేతులు లాగుతాయి. వేగం ఎక్కువైనకొద్దీ లాగుడు ఎక్కువవుతుంది. పట్టు తప్పితే ఇద్దరూ చెరోవైపు పడతారు.

ఇప్పుడు ఒక కొంటె ప్రశ్న. ఆ పిల్లలు తిరగడం లేదు, ఇల్లూ వాకిలీ తులసికోటా సమస్తమూ వాళ్ల చుట్టూ తిరుగుతోంది అని ఎందుకు అనకూడదు? తల తిరుగుతున్న పిల్లలకు కనిపించేదీ అదే కదా. కళ్లతో చూస్తే రెండు మాటలూ ఒకటే. కానీ చేతులను అడగండి. పిల్లలు నిలబడి ఉండి లోకమే తిరుగుతోందంటే, భుజాలు ఊడేటట్టు ఆ లాగుడు ఎక్కడినుంచి వచ్చింది? పిల్లలు నిజంగా నిలబడి ఉన్నప్పుడు మొత్తం వాకిట్లో ఎవరు పరుగెత్తినా వాళ్ల చేతులు లాగవు.

న్యూటన్‌కు ఒప్పులకుప్ప తెలియదు గాని, 1687లో అచ్చయిన ప్రిన్సిపియాలో ఆయన చెప్పింది అచ్చంగా ఇదే. రెండు గుండ్లు, వాటిని కలుపుతూ ఒక తాడు. చుట్టూ పోల్చి చూసుకోవడానికి ఇంకే వస్తువూ లేదు. అయినా తాడు బిగిసి ఉందంటే గుండ్లు తిరుగుతున్నట్టు, వదులుగా ఉందంటే తిరగనట్టు. తాడు ఎంత బిగిసిందో కొలిస్తే ఎంత వేగంగా తిరుగుతున్నాయో కూడా చెప్పవచ్చు. అక్కడే బొక్కెన ఉపమానం కూడా ఉంది: తాడుకు వేలాడదీసిన బొక్కెనలో నీళ్లు పోసి, తాడును బాగా మెలిపెట్టి వదిలితే, నీళ్లు తిరగడం మొదలైనకొద్దీ అంచుల దగ్గర లేచి నడుమ గుంట పడతాయి. బొక్కెనతో పోలిస్తే నీళ్లు తిరుగుతున్నాయా లేదా అన్నదానితో ఆ గుంటకు పని లేదు. కాబట్టి, అన్నాడు న్యూటన్, వస్తువులతో నిమిత్తం లేని అసలైన ఆకాశం ఒకటి ఉంది. త్వరణం దాన్ని బట్టి.

నాకు ఇక్కడ న్యూటన్ చూపించిన సాక్ష్యం నచ్చినంతగా ఆయన తీర్పు నచ్చదు. తాడు బిగిసిందన్నది కంటికి కనిపించే సంగతి. దానివెనక ఎవరికీ కనిపించని ఆకాశం ఉందన్నది ఊహ. లైబ్నిజ్ అప్పుడే అభ్యంతరం చెప్పాడు. గట్టిగా నిలదీసినవాడు మాత్రం మాక్. 1883లో వచ్చిన తన పుస్తకంలో ఆయన అడిగింది మన మాటల్లో ఇలా ఉంటుంది: చుట్టూ ఏమీ లేని శూన్యంలో ఒప్పులకుప్ప ఆడించి చూశావా? చూడలేదు. నువ్వు చూసిన ప్రతి ఆటా కోట్లాది నక్షత్రాల నడుమ జరిగింది. నక్షత్రాలన్నీ తీసేస్తే అప్పుడు కూడా చేతులు లాగుతాయని నీకెవరు చెప్పారు? బహుశా పిల్లలు తిరుగుతున్నది ఆ నక్షత్రాలను బట్టేనేమో!

ఇది వితండం కాదు. అయిన్‌స్టయిన్‌ను కుదిపి లేపిన ప్రశ్నల్లో ఇదొకటి. దీనికి ప్రకృతి కొంచెం తల ఊపింది కూడా. బరువైన వస్తువు తిరుగుతూంటే దాని చుట్టూ ఉన్న దేశకాలాన్ని రవ్వంత తనతోపాటు తిప్పుకుపోతుందని అయిన్‌స్టయిన్ సిద్ధాంతం నుంచి తేలింది. 2004లో అంతరిక్షంలోకి పంపిన గ్రావిటీ ప్రోబ్ బి అనే ఉపగ్రహం నాలుగు గిర్రున తిరిగే గోళాలతో ఆ సంగతి కొలిచింది. 2011లో ఫలితం ప్రకటించారు. భూమి తిప్పుకుపోయేది ఏడాదికి డిగ్రీలో లక్షోవంతు. మాక్ పూర్తిగా గెలిచాడని చెప్పడానికి ఇది చాలదు. ఆయన కోరిన శూన్యం మనకెవరూ ఇవ్వరు గనుక ఆ వ్యాజ్యం ఇంకా నడుస్తూనే ఉంది.

కానీ ఆర్యభటుడి వ్యాజ్యం తీరిపోయింది. ఎలా తీరిందో చూడండి. నక్షత్రాలను చూస్తూ కూర్చున్నంతకాలం అది తీరేది కాదు; పడవలోంచి ఒడ్డును ఎంతసేపు చూసినా పడవ కదిలిందో ఒడ్డు కదిలిందో చూపు తేల్చదు. తిరగడంలో దారి మళ్లడం ఉంది, అంటే త్వరణం ఉంది. కాబట్టి ఆకాశం వంక చూడకుండా ఇంట్లోనే తలుపులు మూసుకుని పట్టుకోవచ్చు. 1851లో పారిస్‌లో ఫూకో ఎత్తయిన కప్పునుంచి బరువైన గుండును పొడుగాటి తీగకు వేలాడదీసి ఊపి వదిలాడు. ఊగే గుండు ఒకే గీత మీద ఊగాలి గదా? గంటలు గడిచినకొద్దీ ఆ గీత నేల మీద మెల్లగా పక్కకు తిరిగిపోయింది. కింద నేల తిరుగుతోంది మరి. ఢిల్లీలో 2023లో తెరిచిన కొత్త పార్లమెంటు భవనంలో అలాంటి లోలకం ఉంది. పొడవు 22 మీటర్లు, ఒక చుట్టు పూర్తికావడానికి 49 గంటల 59 నిమిషాల 18 సెకన్లు. ఈ కాలం అన్ని ఊళ్లలో ఒకటి కాదు. ధ్రువం దగ్గర ఒక రోజు. భూమధ్యరేఖ మీద గీత అసలు తిరగదు. సోమందేపల్లి ఇంచుమించు 14 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. లెక్క కడితే దాదాపు 99 గంటలు, అంటే నాలుగు రోజుల మీద మూడు గంటలు. మన ఊళ్లో ఎవరైనా ఒక పాతకాలపు ఎత్తయిన గోదాము ఇచ్చి, ఊగు ఆగిపోకుండా చూసే ఏర్పాటు చేస్తే, ఆర్యభటుడు గెలిచిన సంగతి నాలుగు రోజుల్లో ఎవరికివారే చూసుకోవచ్చు.

ఇంతవరకు ఆకర్షణ ఊసెత్తలేదు. ఎత్తితే కథ అడ్డం తిరుగుతుంది. త్వరణం తనకు తానే తెలుస్తుందని బల్లగుద్ది చెప్పాం కదా. తెలియని త్వరణం ఒకటి ఉంది. అది మన ఊరి బావిలో ఉంది.

వేసవిలో బావిలో నీళ్లుంటే (మా సీమలో ఈ ‘ఉంటే’ పెద్ద మాట) కుర్రాళ్లు గట్టుమీంచి దూకుతారు. పదహారడుగుల దిగువన నీళ్లుంటే గట్టు వదిలాక నీళ్లు తాకేలోపు సరిగ్గా ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో వాడి వేగం సున్న నుంచి గంటకు 35 కిలోమీటర్లకు పెరుగుతుంది. బస్సు బ్రేకు తొక్కినదానికి రెట్టింపుకన్నా ఎక్కువ త్వరణం! మరి ఏమైనా నెట్టినట్టు, లాగినట్టు ఉందా అని వాడిని అడగండి. “లేదు సార్, ఏమీ లేనట్టే ఉంటాది” అంటాడు. ఏమీ లేనట్టే ఉంటుంది! గట్టు మీద నిలబడ్డప్పుడు పాదాలకు తెలిసిన బరువు కూడా గాలిలో తెలియదు.

దూకే వయసు దాటినవాళ్లు ఒక సీసా చాలు, ప్రయత్నించవచ్చు. ప్లాస్టిక్ సీసాకు అడుగున పక్కగా మేకుతో చిల్లిపెట్టి, మూత తీసి, నీళ్లు నింపండి. చిల్లిలోంచి ధార వస్తూంటుంది. మేడమీంచి సీసాను వదిలేయండి. కిందపడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. నీళ్లకు సీసా అడుగును నొక్కే పని లేదు, ఇద్దరూ ఒకే తీరున పడుతున్నారు. కింద ఎవరూ లేకుండా చూసుకోండి.

1907లో బెర్న్ పేటెంటు ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటున్న అయిన్‌స్టయిన్‌కు తట్టింది ఈ బావి సంగతే: పడిపోతున్న మనిషికి తన బరువు తెలియదు. తన జీవితంలో వచ్చిన అన్నిటికన్నా ఆనందకరమైన ఆలోచన ఇదేనని ఆయన తరువాత చెప్పుకున్నాడు. ఎందుకంత ఆనందం? లెక్కను తిరగేయడానికి ధైర్యం దొరికింది గనుక. పడిపోయేవాడికి ఏ నెట్టుడూ తెలియలేదంటే వాడికి త్వరణం లేదనే అందాం. గట్టు మీద నిలబడి చూస్తున్న మనకు పాదాల కింద నెట్టుడు తెలుస్తోంది. కాబట్టి త్వరణం మనకే ఉంది, పైవైపుకు!

నేను నమ్మలేదు. మా ఫిజిక్సు లెక్చరరుగారు స్టాఫ్ రూములో నా సెల్‌ఫోను అడిగి తీసుకున్నారు. అందులో త్వరణం కొలిచే పరికరం ఉంటుంది. ఫోను అడ్డం తిప్పితే బొమ్మ అడ్డం తిరిగేది దానివల్లనే. అంకెలు చూపించే యాప్ ఒకటి పెట్టి ఫోనును టేబిలు మీద ఉంచారు. కదలకుండా పడుకున్న ఫోను సెకనుకు సెకనుకు 9.8 మీటర్ల త్వరణం పొందుతున్నట్టు చూపించింది. తరువాత పాత పరీక్ష కాగితాల కట్టల మీదికి మోకాలెత్తు నుంచి వదిలారు. (“నాది వదలవచ్చు గదా?” అంటే “నాది కొత్తదండీ” అన్నారు.) గీసిన గీతలో సెకనుకు మూడోవంతుసేపు అంకె సున్నకు దిగి, మళ్లీ ఎగిసింది. టేబిలు మీద ఊరికే ఉన్నప్పుడు 9.8, కిందపడుతున్నప్పుడు సున్న. యంత్రానికి అయిన్‌స్టయిన్ పక్షమో న్యూటన్ పక్షమో తెలియదు. దానికి తెలిసింది నెట్టుడు ఒక్కటే.

2021 జూలై 11న మన తెలుగమ్మాయి బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ వారి విమానంలో 86 కిలోమీటర్ల ఎత్తుకు పోయి కొన్ని నిమిషాలు గాలిలో తేలింది. అంత ఎత్తులో ఆకర్షణ ఉండదు కాబట్టి తేలిందని చాలామంది అనుకున్నారు. ఆ ఎత్తులో ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో నూటికి 97 పాళ్లు ఉంటుంది. ఇంజను ఆపేశాక విమానమూ, అందులో మనుషులూ కలిసి ఒకే తీరున పడుతున్నారు, అంతే. పైకి పోతున్నప్పుడు కూడా అది పడటమే. బావి కుర్రాడి సెకను ఆ అమ్మాయికి నిమిషాలైంది.

మరి ఆకర్షణ ఏమైంది? సోమందేపల్లి బావిలో ఒకడు దూకాడు, భూగోళానికి సరిగ్గా అవతలి వైపు ఇంకొకడు ఇంకో బావిలో దూకాడు. ఇద్దరికీ నెట్టుడు లేదు, ఇద్దరి ఫోన్లూ సున్న చూపిస్తాయి. అయినా ఇద్దరూ ఒకరి దగ్గరికొకరు వస్తున్నారు, అదీ క్షణక్షణానికి వేగం పెంచుకుంటూ. ఎవరూ నెట్టకుండా తిన్నగా పోయే రెండు దారులు అలా దగ్గరవుతున్నాయంటే, ఆ దారులు పడిన దేశకాలమే వంగి ఉండాలి. భూమి బరువు దాన్ని వంచింది. 1915లో పూర్తయిన అయిన్‌స్టయిన్ సిద్ధాంతంలో ఆకర్షణ అంటే ఇదే.

ఇక ఆ అమ్మాయికి జవాబు చెప్పవచ్చు. త్వరణం అనే ఒక్క మాటతో మనం రెండు సంగతులు చెప్పుకుంటున్నాం. ఒకటి, ఎవరో ఒకరు నిలబడి, తమ గడియారంతో, తమ కొలబద్దతో ఎదుటివాడి వేగం ఎలా మారుతోందో కట్టే లెక్క. ఇది పూర్తిగా సాపేక్షం. బస్సువాళ్ల లెక్కలో శెనక్కాయల అవ్వకు, గట్టుమీదివాళ్ల లెక్కలో బావి కుర్రాడికి ఉన్న త్వరణం ఇదే. ఇది అల్లుడి వరస. రెండోది, ఆ వస్తువుతోపాటు పోయే పరికరం చూపించే అంకె. బస్సులోంచి చూసినా, చెట్టు కిందినుంచి చూసినా, చంద్రుడి మీదినుంచి చూసినా ఆ అంకె ఇంత అనే అందరూ ఒప్పుకుంటారు. అవ్వ ఫోనులో బ్రేకు పడదు, డ్రైవరు ఫోనులో పడుతుంది. చూసేవాడిని బట్టి మారనిది గనుక దీన్ని నిరపేక్షం అనవచ్చు.

అయితే ఈ నిరపేక్షానికి సున్న ఎక్కడ పెట్టాలన్నది న్యూటన్ అనుకున్నట్టు ఎక్కడో కదలకుండా కూర్చున్న ఆకాశం నిర్ణయించదు. స్వేచ్ఛగా పడటమే సున్న. ఎటు పడాలో దగ్గరున్న బరువులు వంచిన దేశకాలం చెబుతుంది. మాక్‌గారి అనుమానానికి ఆ మేరకు చోటు మిగిలింది. ఆ అమ్మాయి ఇది విని, “అట్లయితే పరీక్షలో ఏమి రాయాల సార్, సాపేక్షమా కాదా?” అంది. ఏ త్వరణమో ముందు రాసి ఆ తర్వాత జవాబు రాయమన్నాను. దిద్దేవారికి అంత ఓపిక ఉంటుందా అన్న ప్రశ్నకు మాత్రం నా దగ్గర సిద్ధాంతం లేదు.

మా హైవే మీదనే, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019నుంచి కార్లు తయారు చేస్తోంది. కారులో ఎయిర్‌బ్యాగును పేల్చే పరికరంలో ఉన్నది కూడా ఫోనులోని జాతిదే: కంటికి ఆనని సిలికాను ముక్క ఒకటి, దాన్ని పట్టుకున్న స్ప్రింగులు. కారు ఒక్కసారిగా ఆగితే ఆ ముక్క ఆగలేక ముందుకు జరుగుతుంది, బస్సులో నిలబడ్డవాళ్ల మాదిరి. సంచి ఉబ్బడానికి ఉన్న వ్యవధి సెకనులో కొన్ని వందోవంతులు. ఎదురుగా వచ్చింది లారీయా, గోడా, మీరు వాళ్ల మీదికి పోయారా, వాళ్లు మీ మీదికి వచ్చారా అని అది విచారించదు. కిటికీలోంచి బయటికి చూడదు. అలా చూడవలసిన అవసరమే ఉంటే ఆ వ్యవధిలో పని జరిగేది కాదు. సంచి ఆపేది సీటు బెల్టు పట్టి ఉంచిన మనిషిని. బెల్టు లేనివాడు సంచి పూర్తిగా ఉబ్బకముందే దాని మీద పడతాడు. బెల్టు పెట్టుకోకపోతే కారు కీచుమని గోలపెడుతుంది గదా, ఆ గోల వినిపించకుండా వట్టి బెల్టు కొక్కెం ఒకటి కొని అందులో దూర్చి నడుపుతున్నవాళ్లను ఈ హైవే మీద నేను వారానికి ఇద్దరినైనా చూస్తున్నాను. లోపలున్న సిలికాను ముక్కకు ఆ కొక్కెం సంగతి తెలియదు.